ట్రూ అబ్బాయి

గుంటూరు బ్రాడీపేటలో ఏ అపార్ట్‌మెంటుకెళ్లినా ఇలాంటివాడొకడు తగులుతాడు. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని. పైన ఇస్త్రీ చొక్కా, కింద గళ్ల లుంగీ. జావాస్క్రిప్ట్ రాసీ రాసీ లోకమంతా ట్రూ, ఫాల్స్‌లలో ఇమిడిపోతుందని తేల్చేశాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని వాళ్లమ్మ అడిగితే "ట్రూ" అంటాడు. కాస్త ఎక్కువైందనే జవాబు వీడి దగ్గర లేదు.

వాళ్ల నాన్నకు ప్రత్తిపాడు దగ్గర మిరప చేను. తేజ కాయ మిర్చి యార్డుకు తోలేముందు కొడుకు ఒక ఆబ్జెక్టు రాశాడు: ఎండిందా, తాలు ఏరారా, గోతాల్లోకెత్తి టిక్కీలు కట్టారా. ఆబ్జెక్ట్.వాల్యూస్‌తో మూడు విలువలూ బయటికి లాగి, ఎవ్రీ(బూలియన్) తగిలించాడు. ఒక్కటి ఫాల్సయినా బండి కదలకూడదు. ఫోన్ చేశాడు.

"నాన్నా, కాయ ఎండిందా?"

"ఎండుద్దిలేరా."

"తాలు ఏరించావా?"

"కూలోళ్లు దొరికితే గదా!"

"టిక్కీలు?"

"ముందు గోతాల డబ్బులు పంపు."

మూడు జవాబులూ ఉన్నవున్నట్టు ఎక్కించాడు. ఫలితం: ట్రూ. ఆ భాషలో ఖాళీగా లేని ఏ మాటైనా నిజం కిందే లెక్క. కొటేషన్లలో "ఫాల్స్" అని రాసినా సరే. సున్నా, ఖాళీ కొటేషన్లు, నల్, అన్‌డిఫైన్డ్ లాంటి కొందరికే అబద్ధపు హోదా. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలిరూపం కట్టిన భాష మరి. మబ్బుపడితే పది రోజుల్లో కల్లంలో కాయే ఎండదు.

కుర్రాడు తెలివైనవాడే. మూడు ఈక్వల్ గుర్తులు పెట్టి, అచ్చమైన ట్రూ తప్ప ఇంకేదీ ఒప్పుకోనన్నాడు. ఈసారి ఆబ్జెక్టులో ఏమీ నింపకుండానే నడిపాడు. మళ్లీ ట్రూ!

"నాన్నా, యార్డులో మన టిక్కీలన్నీ బ్రహ్మాండం."

"ఇంకా తోల్లేదు గదరా!"

లేని టిక్కీల్లో చెడ్డది ఎక్కడ దొరుకుద్ది? ఖాళీదాని మీద ఎవ్రీ ఎప్పుడూ ట్రూ అనే అంటుంది. ముందు లెంగ్త్ సున్నా కాదని చూసుకోవాలి. యార్డులో కొనేవాడికి ఈ బాధ లేదు. గోతాంలో చెయ్యిపెట్టి గుప్పెడు తీసి, చెవి దగ్గర ఆడిస్తాడు. గింజ గలగలమంటే ఎండినట్టు.

ఇప్పుడు వీడికి సంబంధాలు చూస్తున్నారు. పిల్ల తరపువాళ్లు "ఆలోచించి చెబుతాం" అని వెళ్లారు. వీడు అప్పుడే షేర్వాణీకి కొలతలిచ్చాడు. మూడు ఈక్వల్ గుర్తులు కోడ్‌లో పెట్టుకున్నాడు గానీ ఇక్కడ పెట్టుకోలేదు. దర్జీ గుడ్డ కోయకముందే ఎవరైనా వెళ్లి చెప్పండి బాబూ, అది ఫాల్సని.