చేంతాడంత ఇన్ లిస్టు

పెళ్లి భోజనాల దగ్గర "ముందు ఆడపెళ్లివారు కూర్చోండి" అని ఒక్క కేక వేస్తే బంతి నిండిపోతుంది. అలా కాక ఓ పెద్దమనిషి మూడొందల పేర్ల కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడి, వచ్చినవాణ్ణల్లా ఆపి, పేరు ఉందా లేదా అని వెతుకుతుంటే? పప్పు గడ్డకడుతుంది. మన ఐటీ వీరులు డేటాబేసును అడిగే తీరు అచ్చం ఇదే.

మొన్న మిసిసాగాలో ఉండే ఓ తమ్ముడు "క్వెరీ కదలడం లేదన్నా, కాస్త చూడవా" అని పంపాడు. తెరిచాను. సెలెక్ట్, ఫ్రమ్, వేర్... మూడే లైన్లు. ఆ తర్వాత ఇన్ అని బ్రాకెట్టు తెరుచుకుంది. లోపల పోస్టల్ కోడ్లు, కోట్లు, కామాలు, మళ్లీ కోడ్లు. టీ చల్లారింది గానీ మూసే బ్రాకెట్టు కనపడలేదు.

"ఏం కావాలి నాయనా నీకు?"

"అంటారియో కస్టమర్లన్నా."

కెనడా పోస్టల్ కోడులో అది ఏ ప్రాంతానిదో మొదటి అక్షరమే చెప్పేస్తుంది. కె, ఎల్, ఎమ్, ఎన్, పి అంటే అంటారియో. టొరంటోది ఎమ్, మిసిసాగా, బ్రాంప్టన్‌లది ఎల్. శాంటాక్లాజ్‌కి ఉత్తరాలు రాసే పిల్లల కోసం కెనడా పోస్ట్ కేటాయించిన హెచ్0హెచ్ 0హెచ్0లో మొదటి అక్షరం చూస్తే ఆ తాతగారు కూడా మాంట్రియల్ వాస్తవ్యుడే. ఐదు అక్షరాలతో తేలే పనికి మావాడు వేల కోడ్లు కుమ్మరించాడు.

అవి ఎక్కడివనుకున్నారు? అదే డేటాబేసులోవి! ఒక క్వెరీతో బయటికి తీసి, ఎక్సెల్‌లో పోసి, ఒక్కోదానికీ కోట్లు తొడిగి, కామాలు తగిలించి, మళ్లీ అక్కడికే తెచ్చాడు. బావిలో నీళ్లు తోడి, బిందె నెత్తిన పెట్టుకుని ఊరు చుట్టొచ్చి, అదే బావిలో పోసినట్టు. పైగా ఆ లిస్టు పోయిన నెలది. నిన్న చేరిన కోడుకు అందులో చోటెక్కడ?

డేటాబేసులు పాపం చెప్పి చూశాయి. చాలా ఏళ్లపాటు ఒరాకిల్ ఇన్ లిస్టు వెయ్యి దాటితే ఓఆర్ఏ-01795 అని ఎర్రజెండా ఊపింది. మనవాళ్లు ఆగితేగా! వెయ్యేసి ముక్కలు కోసి, మధ్యలో 'ఆర్' పెట్టి అతికించారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2,100 పారామీటర్ల దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది. పారామీటర్లు తీసేసి విలువలే నేరుగా అతికించారు. ఇక లిస్టు మారిన ప్రతిసారీ అది కొత్త క్వెరీయే. సర్వర్ మళ్లీ మొదట్నుంచీ ప్లాన్ వేసుకోవాలి.

వీటన్నిటికీ తాత 'నాట్ ఇన్'. ఆ లిస్టులోకి ఒక్క నల్ దూరిందా, ఒక్క వరస కూడా రాదు. ఎర్రరూ రాదు. రిపోర్టులో కెనడా ఖాళీ!

ఈ డేటాబేసులకు పునాది అయిన రిలేషనల్ మోడల్‌ను 1970లో లోకానికిచ్చిన ఎడ్గర్ కాడ్, మెకార్థీ రోజుల అమెరికా మీద విసుగుతో 1953లో ఒటావా వచ్చి కొన్నేళ్లున్న మనిషి. ఏం కావాలో నువ్వు చెప్పు, ఎలా తేవాలో యంత్రం చూసుకుంటుందన్నది ఆ మోడల్ సారం. జాయిన్ అంటే చుట్టరికం కలపడమే. ఆయన తిరిగిన అంటారియోలోనే మనం గుమ్మంలో కాగితం పట్టుకుని పేర్లు పిలుస్తున్నాం.

"పనైపోయింది కదన్నా" అంటాడు తమ్ముడు. కాలేదు కనకేగా నా దగ్గరికొచ్చావు!

పది విలువలుంటే ఇన్ రాసుకోండి, తప్పులేదు. బయటినుంచి వేలు వస్తే టెంపరరీ టేబుల్‌లో పోసి జాయిన్ చేయండి. విలువలు డేటాబేసులోనే ఉంటే అసలు బయటికే తీయకండి. అన్నిటికన్నా ముందు టేబుల్‌లో ఏమేం కాలమ్‌లున్నాయో ఒక్కసారి చూడండి.

మా తమ్ముడి కస్టమర్ టేబుల్‌లో, పోస్టల్ కోడు పక్కనే, ప్రావిన్స్ అనే కాలమ్ మొదట్నుంచీ ఉంది.