పదమూడు నెలల దేశంలో తృప్తి

విదేశంలో పాఠాలు చెప్పుకొనే అధ్యాపకుడు సెలవుపై స్వగ్రామానికి వచ్చినప్పుడు ఎదుర్కొనే ప్రశ్నలన్నింటిలో అత్యంత హింసాత్మకమైనది “ఏం అబ్బాయా, ఇంకా ఆడనే ఉండావా?” అన్నదే. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో ఇది బస్టాండులో మొదలై, టీ అంగడి దాటి, పెళ్లిపందిరి దాకా వెంటాడుతుంది. ఇది విదేశాలన్నింటికీ సమానంగా వర్తించదు. ఇరవై ఏళ్లుగా అమెరికాలో ఉన్నవారిని ఎవరూ ఇలా అడగరు సరికదా, వారు ముందుగా తిరిగివస్తేనే ఉద్యోగం ఊడిందేమోనని ఆరా తీస్తారు. ఇథియోపియా వంటి దేశంలో ఉన్నవాడు మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి. అక్కడ సుఖంగానే ఉందని జవాబిస్తే, ఏవో అప్పులు దాస్తున్నాడన్న అనుమానం బలపడుతుంది. 1514లో రాయలవారికి లొంగేదాకా ముట్టడిని తట్టుకున్న ఉదయగిరి దుర్గానికైనా ఇంతటి విచారణ ఎదురై ఉండదు.

నిజానికి ఇథియోపియాకు భారతీయ పంతుళ్లు కొత్త కాదు. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలోనే, ముఖ్యంగా కేరళ నుంచి, ఎందరో అక్కడి బడులకు వెళ్లారు. 2000 తరువాత అక్కడి ప్రభుత్వం పలు కొత్త విశ్వవిద్యాలయాలు తెరవడంతో ఆంధ్రదేశపు ఎమ్మెస్సీలు, ఎంటెక్కులు, పీహెచ్‌డీలు జిమ్మా, బాహిర్ దార్, అర్బా మించ్ వంటి పట్టణాలకు చేరుకున్నారు. ఈ వలసకు కారణాలను అర్థశాస్త్రజ్ఞులు వేతన వ్యత్యాసంలో వెదకుతారు గాని, ఇక్కడి కొన్ని ప్రైవేటు కళాశాలల సంగతి ఎరిగినవారికి అంత పరిశోధన అక్కరలేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలోనూ, మూడు నెలల జీతం యాజమాన్యం మాటలోనూ భద్రంగా ఉండగా, ‘అడ్మిషన్లు’ అనే పేరిట, అనగా వచ్చే ఏటి విద్యార్థులను ఇంటింటికీ తిరిగి బతిమాలి చేర్చుకొనే వేసవి కార్యక్రమం పేరిట, మర్రిపాడు నుంచి సీతారామపురం దాకా ఎండలో మోటారుసైకిలు తోలిన అధ్యాపకునికి, పాఠం చెప్పడమే పనిగా ఉండే ఉద్యోగం ఏ ఖండంలో దొరికినా అది స్వర్గఖండమే.

అక్కడి గడియారాన్ని గురించి కొంత వివరణ అవసరం. ఇథియోపియా వాడుకలో గంటల లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. ఉదయం ఏడు అక్కడ ఒంటిగంట, మిట్టమధ్యాహ్నం ఆరు. దీనికి తోడు భారతదేశపు సమయం రెండున్నర గంటలు ముందుంటుంది. ఉదయగిరిలో తొమ్మిదిన్నరకు తల్లి ఫోన్ చేసి టైమెంతని అడిగితే, అలవాటు పడిన కొడుకు ఒంటిగంట అనీ, ఇంకా టిఫిన్ కాలేదనీ చెబుతాడు; ఒంటిగంట దాటినా బిడ్డ పచ్చి మంచినీళ్లు ముట్టలేదన్న వార్త ఆత్మకూరులోని మేనత్తకు చేరేసరికి రెండు రోజుల పస్తుగా, తిరిగి ఉదయగిరికి వచ్చేసరికి దేశవ్యాప్త కరువుగా పరిణమిస్తుంది. పంచాంగం చూసే పెద్దలు ఆ గంటల లెక్కకు నవ్వుతారు గాని, తమ చేతిలోని పంచాంగమే సూర్యోదయం నుంచి ఘడియలను, అంటే ఇరవైనాలుగు నిమిషాలకొకటి చొప్పున రోజుకు అరవైగా, లెక్కిస్తున్నదని గుర్తుచేసినవాడు ఆ పూటకు అప్రయోజకుడవుతాడు. నెలల సంగతీ అంతే. ముప్పై రోజుల నెలలు పన్నెండు, ఆపై ఐదారు రోజుల ‘పాగుమే’ అనే బుల్లి నెల ఒకటి అనగానే పగలబడి నవ్వేవారు, అధికమాసం వచ్చిన ఏడు తమ ఇంట్లోనూ పదమూడు నెలలుంటాయని ఒప్పుకోరు. ఆ బుల్లి నెలకు జీతమిస్తారా అన్నదే వారి సందేహం.

ఇక తృప్తి విషయం. టెఫ్ అనే సన్నని గింజల పిండిని పులియబెట్టి, పెద్ద దోసెలా పోసే ఇంజెరా మొదటి నెలలో ఏడిపించి, నాలుగో నెలకు లొంగదీసుకుంటుంది; బుధ, శుక్రవారాలలో సనాతన క్రైస్తవులు మాంసం, పాలు ముట్టని ఉపవాసం పాటిస్తారు కనుక శాకాహారికి వారానికి రెండు పండుగలు; అబోల్, తోనా, బెరెకా అనే మూడు విడతల కాఫీ ముగిసేదాకా ఎవరూ లేవరు, లేవమనరు. కరెంటు పోతుంది, ఇంటర్నెట్ పోతుంది, గోంగూర పచ్చడి సీసా అన్నింటికంటే ముందు అయిపోతుంది. అయినా తరగతిలో పాఠం సాగుతుంది, ఆ పాఠానికి జీతం వస్తుంది.

ఆ దేశపు సంవత్సరం ఏడెనిమిదేళ్లు వెనుక నడుస్తుంది. 2024 సెప్టెంబరు 11న అక్కడ 2017 మొదలయింది. కొత్తగా వెళ్లినవాడు దీన్ని తన వయసులో కలిసివచ్చిన లాభంగా చెప్పి నవ్విస్తాడు. ఉదయగిరిలో మిగిలిన ఇద్దరు వృద్ధులకు ఆ తగ్గింపు వర్తించదు. సెలవుకు వచ్చిన ప్రతిసారీ తండ్రి మేడమెట్ల మీద ఇంకొకచోట ఆగుతాడు, తల్లి మందుల డబ్బాలో ఇంకొక రంగు మాత్ర చేరుతుంది. విశ్వవిద్యాలయపు సెలవులు వానకాలంలో, జూలై, ఆగస్టులలో వస్తాయి. శస్త్రచికిత్సలు ఆ నెలలను చూసుకొని రావు.