బిస్కట్‌కు అన్నీ తెలుసు

గుర్రాల పోటీ అనగానే మనవాళ్ళకు మలక్‌పేట రేసులు గుర్తొస్తాయి. ఒహాయోలో నేను దిగిన పోటీలో ఎవరూ ఎవర్నీ దాటి పరుగెత్తరు. కంచె లోపల గుర్రాలన్నీ వరసగా చుట్టూ తిరుగుతాయి. మధ్యలో జడ్జి అట్ట పట్టుకుని నిలబడతారు. మైకులో ‘వాక్’ అంటే నడిపించాలి, ‘ట్రాట్’ అంటే కాస్త జోరు పెంచాలి, ‘రివర్స్’ అంటే తిరిగి వెనక్కి రావాలి. చివర్లో అందర్నీ బారుగా నిలబెట్టి రిబ్బన్లు పంచుతారు. పందెం కాసేవాడూ లేడు, కేకలేసేవాడూ లేడు. “దీన్ని చూడ్డానికి జనం వస్తారా?” అని మా ఆవిడ అడిగింది. జనం ఎక్కడివాళ్ళు, పోటీ చేసేవాళ్ళ అమ్మానాన్నలు. నా తరఫున ఆవిడ.

ఈ పిచ్చి కొలంబస్ నగరం అంటించింది. 1967 నుంచీ ఇక్కడ క్వార్టర్ హార్స్ కాంగ్రెస్ అనే గుర్రాల పోటీ జరుగుతోంది. అక్టోబరు వస్తే వేలకొద్దీ గుర్రాలు ఊళ్ళోకి దిగుతాయి. ఓసారి సరదాగా చూసొచ్చి, ఊరి బయట ఓ లాయంలో సవారీ నేర్చుకోవడానికి చేరాను. మా అమ్మకు ఫోన్లో చెప్తే, “పెళ్ళికే గుర్రం ఎక్కలేదు కదరా, యాభయ్యో పడిలో ఎందుకురా?” అంది. నా దగ్గర జవాబు లేదు.

నాకు అప్పగించిన గుర్రం పేరు బిస్కట్. ఇరవయ్యేళ్ళు దాటినవాడు, ఎందరు పిల్లలకు సవారీ నేర్పాడో లెక్కలేదు. ఎత్తు 15.2 అన్నారు. గుర్రాన్ని బెత్తెల్లాంటి ‘హ్యాండ్స్’తో కొలుస్తారు, ఒక హ్యాండ్ నాలుగంగుళాలు. అంటే 15.2 కి అర్థం పదిహేను హ్యాండ్ల మీద రెండంగుళాలు. 15.3 తర్వాత 15.4 రాదు, 16 వస్తుంది. ఎవరు ఎక్కడ దశాంశ బిందువు పెట్టినా పట్టుకునే ఉద్యోగం నాది. ఇక్కడ నోరు మూసుకోవాల్సొచ్చింది.

పోటీకి పేరిచ్చేటప్పుడు బిస్కట్ రక్తపరీక్ష కాగితం అడిగారు. కాగిన్స్ పరీక్ష అట, అంటురోగం లేదని రుజువు. నా ఆరోగ్యం సంగతి ఎవరూ అడగలేదు. గుర్రం తన్నినా, కరిచినా, కింద పడేసినా మాకేం సంబంధం లేదనే కాగితం మీద మాత్రం సంతకం పెట్టించుకున్నారు.

ఇక వేషం. మోకాళ్ళ దాకా బూట్లు, నెత్తిన హెల్మెట్, జూలై ఎండలో నల్లకోటు, వీపున నంబరు. కాళ్ళకు బ్రీచెస్ అనే లాగు. అది ఒంట్లో దాచుకున్న బిర్యానీనంతా బయటపెడుతుంది. మా ఆవిడ అటు తిరిగి నవ్వుకుంది.

అసలు చాకిరీ తెల్లవారకముందే మొదలవుతుంది. స్నానం, దువ్వడం, గిట్టలకు నల్లరంగు, జూలుకు జడలు. తోకకు మెరుపు మందు కొట్టవచ్చు కానీ వీపున పడనివ్వకూడదు, జీను జారుతుంది. చిన్నప్పుడు నేను ఖాళీగా కూర్చుంటే మా నాన్న “గుడ్డిగుర్రం పళ్ళు తోముతున్నావా?” అనేవాడు. ఇక్కడ గుర్రాల పళ్ళు అరగదీయడానికి డాక్టరు వస్తాడు, బిల్లు వేస్తాడు. ఆ బిల్లు చూసి ఉంటే మా నాన్న నన్ను ఆ పనికే పెట్టేవాడు.

నేను దిగింది వాక్-ట్రాట్ తరగతి. అన్ని వయసులవారికీ అని రాసి ఉంది గానీ, నాకు అటూ ఇటూ రెండు జడలకు రిబ్బన్లు కట్టుకున్న చిన్నపిల్లలే. ట్రాట్‌లో గుర్రం అడుగుకు తగ్గట్టు లేస్తూ కూర్చుంటూ ఉండాలి. కంచె వైపు ముందుకాలు ముందుకు పడినప్పుడు లేవాలి. అది కిందికి చూడకుండా తెలుసుకోవాలట. తల వంచితే జడ్జి రాసుకుంటారు. ఆ పిల్లలు నిమ్మళంగా, ఆకాశంలోకి చూస్తూ లేచి కూర్చుంటున్నారు.

నేను దేనికీ ఆజ్ఞ ఇవ్వాల్సిన అవసరం రాలేదు. మైకులో ఆవిడ ‘ట్రా’ అనేలోపే బిస్కట్ బయల్దేరాడు. ‘వాక్’ అనగానే నడక. నేను కాళ్ళతో నొక్కబోయే సమయానికి ఆ పని అయిపోయేది. పెద్ద గుమాస్తా ఉన్న ఆఫీసులో కొత్తగా వచ్చిన అధికారిలా పైన కూర్చుని సంతకాలు పెట్టడమే నా పని.

ఆ రోజు రెండు విభాగాలు. ఈక్విటేషన్‌లో సవారీ చేసేవాడిని చూస్తారు, అందులో నాకేమీ రాలేదు. ప్లెజర్‌లో గుర్రాన్ని చూస్తారు, అందులో రెండో బహుమతి, ఎర్ర రిబ్బను. జడ్జికి కళ్ళు బాగానే కనిపిస్తున్నాయని ఒప్పుకోవాలి. మా టీచరమ్మ ఆ రిబ్బను నా చేతికివ్వకుండా తిన్నగా తీసుకెళ్ళి బిస్కట్ గది తలుపుకు తగిలించింది.

నేను తలుపు దగ్గర నిలబడి ఫొటో తీసి చుట్టాలందరికీ పంపాను. లండన్‌లో ఉన్న మా బావమరిది నిమిషంలో ఫోన్ చేశాడు. “ఫస్టొచ్చావా బావా!” బ్రిటన్‌లో మొదటి బహుమతికి ఎరుపు, రెండోదానికి నీలం. అమెరికాలో సరిగ్గా తిరగేసి. ఈ సంగతి నాకు తెలుసు.

“ఏదోలేరా, అంతా గుర్రం చలవ,” అన్నాను.