ఆలమూరులో ఆల్మా

2021 సంక్రాంతికి మా ఆలమూరులో అసలు పందెం బరిలో కాదు, మా ఇంటి అరుగు మీద జరిగింది. కరోనా పుణ్యమా అని హైదరాబాదు, బెంగళూరు కొలువులన్నీ పెరటి మంచాల మీదకి చేరిన రోజులవి. మా అన్నయ్యల పిల్లలు నలుగురూ ఒళ్ళో లాప్‌టాప్‌లు పెట్టుకుని పెద్దకర్మ మొహాలతో కూర్చున్నారు. ఎవరు పోయార్రా అంటే, "సెంటాస్ పోయింది బాబాయ్" అన్నారు.

రెడ్‌హ్యాట్ కంపెనీ డబ్బుకి అమ్మే, సర్వర్లని నడిపే లినక్స్‌ని, సోర్సు కోడు బయటే ఉంది కదా అని అచ్చుగుద్దినట్టు తయారుచేసి ఊరకే పంచేది సెంటాస్. 2004 నుంచీ నడుస్తున్న సంతర్పణ అది. 2014లో రెడ్‌హ్యాటే దాన్ని చేతుల్లోకి తీసుకుంది. 2019లో ఆ రెడ్‌హ్యాట్‌ని ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకి కొనేసింది. 2020 డిసెంబరు 8న కబురు: 2029 దాకా బతకాల్సిన సెంటాస్ 8కి 2021 ఆఖరుతో నూకలు చెల్లు! ఏడో నంబరు అన్నగారికి మాత్రం 2024 దాకా ఆయుష్షు మిగిల్చారు.

"ద్రోహం!" అన్నాడు పెద్దాడు.

ఎంత కట్టావురా అన్నాను. ఊరకేనట. పోనీ ఎన్ని తప్పులు దిద్దావు? ఒక్కటీ లేదట. మా కాలవ దగ్గరా అంతే లెండి, పూడికతీతకి పార పట్టనోడి గొంతే లాకు దగ్గర పెద్దది. 2011లో కడుపు మండి కోనసీమ రైతు క్రాప్ హాలిడే అని ఖరీఫ్‌లో పంటే వేయలేదు. వీళ్ళు కనీసం ఒక్క సర్వరైనా ఆపలేదు. ట్విట్టర్‌లో అలిగారు.

ఇక సెంటాస్ బదులు వస్తామన్న కొత్త లినక్స్‌లు రెంటిలో ఏ పాయలో దిగాలన్నది తగువు. ఆల్మాయా, రాకీయా? భోగి నుంచి కనుమ దాకా గారెలు చల్లారిపోయాయి గానీ వాదన చల్లారలేదు. తీరా చూస్తే రెండింట్లో ఒక్కటీ అప్పటికింకా పుట్టలేదు! ఆల్మా మార్చి ఆఖరుకి, రాకీ జూన్‌కి వచ్చాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

రెండూ కమ్యూనిటీవే అన్నారు. కమ్యూనిటీ అంటే ఊరుమ్మడి చెరువనుకున్నాను. ఆల్మా వెనక క్లౌడ్‌లినక్స్ కంపెనీ, రాకీ వెనక దాన్ని మొదలెట్టినాయన సొంత కంపెనీ. గట్టు మీద చెరో మోతుబరి. ధవళేశ్వరం దగ్గర గోదారి గౌతమి, వశిష్ఠలుగా చీలితే మధ్యన కోనసీమైనా మిగిలింది. ఈ పాయలు రెండూ పట్టిన దీక్ష ఏమిటంటే, రెడ్‌హ్యాట్‌తో బగ్‌కి బగ్ సరిపోవాలట. పక్కోడి పేపరు చూసి రాస్తూ వాడి తప్పుల్ని కూడా భక్తిగా దించుకోవడమన్నమాట.

"1993 నుంచీ ఏ కంపెనీ చేతిలోనూ పడని డెబియన్ లినక్స్ ఉందటగా, స్వేచ్ఛ వాళ్ళు తెలుగు లినక్స్ కట్టింది దాని మీదేగా, అందులోకి పోకూడదా?" అన్నాను. (మూడ్రోజులు ఆ అరుగు మీద కూర్చుంటే ఈ మాత్రం ఎవరికైనా వస్తుంది.)

"మన సాఫ్ట్‌వేర్‌కి రెడ్‌హ్యాట్ మీదే సర్టిఫికెట్ ఉంది బాబాయ్" అన్నాడు పెద్దాడు. ద్రోహి సంతకం కావాలి, ద్రోహి మాత్రం వద్దు.

2023 జూన్‌లో పెద్దాడి ఫోను. రెడ్‌హ్యాట్ సోర్సు కోడు ఇకమీదట ఖాతాదార్లకేనట. ఎగువోళ్ళు లాకు దించేశారు. రాకీ పక్కదారుల్లో నీళ్ళు తెచ్చుకుంటానంది. ఆల్మా మాత్రం బగ్‌కి బగ్ దీక్ష విరమించి, కనిపించిన తప్పు మేమే దిద్దుకుంటాం అనేసింది.

పెద్దాడు గొంతు తగ్గించి అడిగాడు: "తప్పులు దిద్దేస్తారట బాబాయ్. ఇంక దాన్ని నమ్మొచ్చంటావా?"