తరుగు పోగా మిగిలిన వెలుగు

"కరెంటు పోతే ఈ బ్యాటరీ లైటు రెండు సీరియళ్ల సేపు కూడా రావట్లేదురా" అంది అమ్మ. మా ఇంట్లో కాలానికి కొలత అదే. అట్టపెట్టె మీద మాత్రం 8 గంటలని ఉంది. ఇంజినీరింగ్ చదివిన కొడుకుని కాబట్టి అమ్మనే అనుమానించాను.

కోఠి గుజరాతీ గల్లీలో కొన్న పసుపుపచ్చ మల్టీమీటరు బయటికి తీశాను. వోల్టులు చూడ్డం తేలిక. నిండుగా ఛార్జయిన లిథియం సెల్లుకి అటూ ఇటూ మీటరు పుల్లలు ఆనిస్తే 4.2 అంటుంది. ఆంపియర్లు అంత సులువుగా లొంగవు. ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయో తొంగిచూస్తే తెలుస్తుంది గానీ, పైపులో ఎంత పారుతోందో తెలియాలంటే పైపు కోసి మధ్యలో మీటరు పెట్టాలి. మా టార్చికి వెనక మూతలోనే స్విచ్చి. ఆ మూత విప్పి, ఒక పుల్ల సెల్లు అడుగున, రెండోది గొట్టం అంచున రంగు లేనిచోట ఆనిస్తే మీటరే స్విచ్చి అవుతుంది. శంఖచక్రాలు పక్కన పెట్టి విష్ణుమూర్తి వస్తే తప్ప రెండు చేతులతో అయ్యే పని కాదు.

టార్చిని మోకాళ్ల మధ్య ఇరికించి పుల్లలు ఆనించాను. తళుక్కుమని ఆరిపోయింది. మీటరులో సున్నా.

"టార్చి పోయిందమ్మా" అన్నాను. అమ్మ వచ్చి మూత బిగించి నొక్కింది. శుభ్రంగా వెలిగింది. పోయింది మీటరు లోపలి ఫ్యూజు. ఎర్రవైరుని మిల్లీ ఆంపియర్ల రంధ్రంలో పెట్టానన్నమాట. 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చాను. మా మీటరులో దానికి అసలు ఫ్యూజే లేదు, కాబట్టి పోతుందన్న బెంగా లేదు.

0.82 ఆంపియర్లు చూపించింది. సెల్లు మీద 9900 ఎంఏహెచ్, అంటే మిల్లీ ఆంపియర్ గంటలు, అని రాసుంది. భాగిస్తే 12 గంటలు! అట్టపెట్టెకే మొహమాటం ఎక్కువనుకున్నాను.

తర్వాత వెలిగింది. మీటరుతో వచ్చే సన్నవైర్లకు నిరోధం ఉంటుంది. నాలుగు వోల్టుల టార్చికి ఆ కాస్తే భారం. ధాన్యం కాటా వేసేవాడే బస్తాకింత తరుగు తీసినట్టు, కొలవడానికి వెళ్లిన వైర్లే కొంత మేసేశాయి. పొట్టి, లావుపాటి రాగితీగలు కట్టి చూస్తే 1.24. భాగిస్తే అచ్చంగా 8 గంటలు. అమ్మ ఓడిపోయింది.

ఆ సంబరం భోజనాల దాకానే. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు ఉన్న సెల్లులో, ఎంత మంచి రకమైనా 3500 చుట్టుపక్కలే పడుతుంది. 9900 ఎలా పట్టింది? బహుశా సెల్లులో కాదు, సెల్లుకి చుట్టిన కాగితం మీదే పట్టింది.

నిండా ఛార్జి చేసి, వెలిగించి టీవీ పక్కన నిలబెట్టాను. మొదటి సీరియల్లో కోడలు ఇల్లు వదిలి వెళ్లిపోయింది. రెండోదాంట్లో అత్తగారు మెట్ల మీంచి జారింది. ఇంకా కిందపడకముందే లైటు కొడిగట్టింది. 50 నిమిషాలు. అంటే వెయ్యి ఎంఏహెచ్ పైచిలుకు, అంతే.

"అత్తగారు పడేలోపే అయిపోయిందమ్మా" అన్నాను.

"ఆవిడ పడేది రేపు" అంది అమ్మ, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.