తప్పు వాళ్లది, సరుకు మనది

ధర్మం, అర్థం, కామం, మోక్షం అని నాలుగు పురుషార్థాలు చెప్పి పెద్దలు ఊరుకున్నారు. వాళ్ల కాలంలో కొరియర్ లేదు గాబట్టి ఐదోది తోచలేదు. ఒకటి ఆర్డరు పెడితే రెండు రావడం, నాలుగు వందల చొక్కా అడిగితే నాలుగు వేల చీర రావడం, పక్క వీధి వాళ్ల మిక్సీ మన గడపలో దిగడం ఆ ఐదో పురుషార్థం. ఇట్లా వచ్చినదాన్ని ఏం చేయాలనే విషయంలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పండితులంతా ఒక్క మాట మీద ఉన్నారు. నీళ్ల దగ్గర, పార్టీల దగ్గర, పెన్నా ఇసుక దగ్గర ఎన్నడూ కుదరని ఏకాభిప్రాయం పార్శిల్ దగ్గర కుదిరింది. తప్పు వాళ్లది, సరుకు మనది.

వినడానికి మొరటుగా ఉన్నా దీనికొక తర్కం ఉంది. టీ అంగడి ముందర బెంచీ మీద కూర్చుంటే ఎవరైనా వివరిస్తారు. "మనం అడిగినామా? అడగలే. దొంగతనం చేసినామా? చేయలే. వాళ్లే తలుపు తట్టి చేతిలో పెట్టిపోయినారు. ఇంటికొచ్చిన లక్ష్మిని ఎల్లగొట్టేదానికి మనమేమన్నా పిచ్చోళ్లమా సామీ?" నిజమే. వెనకటి లక్ష్మి తామరపువ్వులో వచ్చేది. ఇప్పటి లక్ష్మి అట్టపెట్టెలో, నుదుట బార్‌కోడు పెట్టుకుని వస్తుంది. ఓటీపీ చెబితేనే గడప దాటుతుంది. అంత నియమంగా వచ్చిన తల్లిని "అమ్మా, నువ్వు పొరపాటున వచ్చినావు, పో" అనడానికి ఏ సంసారికి నోరొస్తుంది?

పైగా దైవసాక్ష్యం కూడా దొరికింది. చెన్నై దగ్గర తిరుప్పోరూరు మురుగన్ గుళ్లో ఒక భక్తుడు హుండీలో కానుక వేయబోతే చేతిలోని ఐఫోన్ జారి లోపల పడింది. 2024 డిసెంబర్‌లో హుండీ తెరిచినప్పుడు తనది తనకిమ్మన్నాడు. హుండీలో పడింది ఏదైనా స్వామిదేనన్నారు దేవాదాయ శాఖ వాళ్లు. కావాలంటే ఫోన్‌లో ఉన్న సమాచారం మాత్రం తీసుకుపొమ్మన్నారు. వేలాయుధం చేతిలో ఉన్న దేవుడికి ఐఫోన్ ఎందుకని అడిగినవాళ్లు లేరు. దేవుడే తనదన్నాక మానవమాత్రులం మనం ఒక హెడ్‌ఫోన్ పెట్టుకుంటే తప్పేమిటని మన పండితులు అడిగితే నాకు జవాబు దొరకలేదు.

చరిత్ర కూడా వాళ్ల పక్షమే. నిజాం తనకు కాపలా కాసే ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద 1800లో కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను మూటగట్టి ఈస్టిండియా కంపెనీ చేతిలో పెట్టాడు. దత్త మండలాలని మన మెడలో బిళ్ల కట్టింది అప్పుడే. "ఇంత పెద్ద సరుకు మాకు రావలసిందేనా, ఇందులోని మనుషులనొక మాట అడిగినారా?" అని కంపెనీ రసీదు తిరగేసి చూడలేదు. దించుకుంది, శిస్తు కట్టించుకుంది. వెనక్కి రావడానికి 1947 దాకా పట్టింది. అంతకుముందు జమ్మలమడుగు పక్కన గండికోటలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గుళ్లలోని రాగి విగ్రహాలు పోగేసి, కరిగించి ఫిరంగులు పోయమని ఒక ఫ్రెంచివాడికి అప్పగించాడు. గండికోట గుడి విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదని 1652లో ఆ కోటకు వచ్చిన నగల వ్యాపారి తావెర్నియే రాసిపెట్టాడు. మీర్ జుమ్లాకు ఆ సరుకు పొరపాటున రాలేదనుకోండి, పొరపాటు చేసి తెచ్చుకున్నాడు. అయినా మన వీధి పండితుడు ఇంత పెద్ద వంశవృక్షం చూపిస్తుంటే కాదనడం కష్టం.

ఆయన దగ్గరున్న వాదాలన్నిట్లో బలమైనది మరొకటి. "వాళ్లు మనల్ని ఎన్ని తూర్లు ముంచలేదు?"

ఇక్కడ వెక్కిరింపు ఆపి ఒక నిమిషం తల వంచాలి. పులివెందుల చీనీ (బత్తాయి) రైతునే తీసుకోండి. బోర్లు వేసి, ట్యాంకర్లతో నీళ్లు పోసి, చెట్టును బిడ్డలాగా సాకి, కాయ కోసి అమ్మబోతే టన్నుకు నూరు కిలోల దాకా సూట్ అనే కోత కింద తీసే అలవాటు ఈ సీమ వ్యాపారంలో ఉంది. కాయ మెత్తబడుతుందని, దెబ్బ తింటుందని, రవాణాలో తరుగుతుందని కారణాలు చెబుతారు. మచ్చ లేని కాయకూ అదే సూట్. ఆ నూరు కిలోలు ఎవరూ పొరపాటున తీసుకోరు. కాటా ముందర, పట్టపగలు, రైతు కళ్లెదుట తీసుకుంటారు. ప్రొద్దుటూరు సంగతి చెప్పనక్కరలేదు. రెండో ముంబై అని పేరు మోసిన ఊరు. అక్కడ కొనేటప్పుడు తరుగు, మజూరీ. అదే నగ పదేళ్లకు అమ్మబోతే మళ్లీ తరుగే. మెడలో వేసుకున్నంత కాలం తరగని బంగారం అంగడి మెట్టెక్కగానే ఎట్లా తరుగుతుందో రసాయన శాస్త్రజ్ఞులెవరూ ఇంతవరకు చెప్పలేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరక్షరాల హాల్‌మార్క్ సంఖ్య లేని నగ అమ్మకూడదన్నారు. బంగారం స్వచ్ఛతకు ముద్ర వచ్చింది గానీ తరుగుకు ముద్ర కొట్టే యంత్రం ఇంకా రాలేదు.

ఇక ఆన్‌లైన్ అంగళ్ల నీతి చూడండి. ఫోన్ ఆర్డరు పెట్టినాయనకు సబ్బుబిళ్ల వస్తే, డబ్బాను వీడియో తీస్తూ విప్పినావా, ఏ కోణంలో తీసినావు, సీలు కనబడిందా అని సీబీఐ విచారణ. మన డబ్బు వెనక్కి రావాలంటే ఏడు పనిదినాలు, అందులో ఆదివారం లెక్కలోకి రాదు. అదే వాళ్ల సరుకొకటి మనకు ఎక్కువ వచ్చిందనుకోండి. ఆ సాయంత్రానికే "ప్రియమైన వినియోగదారుడా" అని మొదలుపెట్టి విలువలు, విశ్వాసం, కుటుంబం అంటూ హరికథ చెబుతారు. ఇన్నేళ్లుగా నెంబరుగా ఉన్న మనం ఆ ఒక్క సాయంత్రం వాళ్ల కుటుంబ సభ్యులమవుతాం. ఈ హరికథ విని ఒళ్లు మండని వాడు మనిషి కాడు.

సరే, ఒళ్లు మండింది. ఆ మంట ఎవరి మీద పోస్తున్నారు? సూట్ తీసింది మండీ వ్యాపారి. తరుగు రాసింది నగల అంగడాయన. బాకీ వసూలు మాత్రం యాడో బెంగళూరు పక్కన గోదాములో రాత్రి షిఫ్టులో చీటీలు అంటించే పిల్లోడి మీద. వ్యాపారి ముందర "కానీలేన్నా, ఎట్ట రాసినా సరే" అని నవ్వుతూ చేతులు కట్టుకున్న రైతు, ఇంటికొచ్చి కొరియర్ పిల్లోడి మీద విప్లవం చేస్తాడు. చీటీ తప్పు పడినందుకు "పెద్ద కంపెనీకి ఇదొక లెక్కా?" అంటారు. కంపెనీకి లెక్క కాదు, ఒప్పుకుంటాను. కంపెనీ ఆ లెక్కను తన పుస్తకంలో ఉంచుకుంటేగా! అప్పగించిన సరుకు పనివాడి అజాగ్రత్త వల్ల పోతే అతని జీతంలో కోసుకోవచ్చని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం చెప్పింది, 2019 వేతనాల కోడ్ కూడా ఆ మాట తీసేయలేదు. ఆ కోతకైనా ముందు పనివాడికి చెప్పి, అతని సంజాయిషీ వినాలి. బండి మీద వచ్చే డెలివరీ పిల్లోడికి అదీ లేదు. అతను ఉద్యోగి కాదట, భాగస్వామి అట. లాభంలో వాటా అడిగి చూడమనండి.

చట్టం ఏమంటుందంటే మన పండితుడు నవ్వుతాడు. కొరియర్ పుట్టకముందే కొరియర్ కేసు రాసిపెట్టినవాళ్లున్నారని ఆయనకు తెలియదు. 1860 శిక్షాస్మృతిలో 403వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది. దారిలో ఒకడికి ఉత్తరం దొరికింది, అందులో నోటుంది. కవరు మీది చిరునామా, లోపలి మాటలు చూస్తే ఆ నోటు ఎవరిదో తెలిసిపోయింది. తెలిసీ జేబులో వేసుకుంటే నేరం. చిరునామా రాసి ఉన్న పక్కింటాయన డబ్బాకు ఇంతకన్నా దగ్గర పోలిక ఉందా? ఇప్పుడా సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 314 అయింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉంది. పాతదాంట్లో జరిమానాతో బయటపడే సందుండేది. కొత్తదాంట్లో ఆరు నెలలకు తగ్గకుండా, రెండేళ్ల దాకా జైలు, దానికి తోడు జరిమానా. నేరం సంగతి పక్కన పెట్టినా, 1872 కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ ఒక్క వాక్యంలో తేల్చేసింది. పొరపాటున డబ్బు చెల్లించినా, వస్తువు అప్పగించినా, పుచ్చుకున్నవాడు తిరిగి ఇవ్వాలి. "తప్పు ఎవరిది" అనే ప్రశ్నకు అందులో చోటే లేదు. పొరపాటు అంగడిది కాబట్టే కదా ఆ సెక్షన్ పుట్టింది!

ఇంతలో డాలస్ నుంచి పులివెందుల పిల్లోడు వాట్సాప్ పెడతాడు. "నాయనా, ఈడ అట్ట కాదు. అడక్కుండా పోస్టులో వచ్చింది ఇంటోళ్లదే. చట్టమే ఉంది." ఉంది, 1970లో చేసినారు. అడగని వస్తువులు ఇంటికి పంపి, ఆనక బిల్లు కట్టమని వెంటబడే టక్కరి వ్యాపారుల పీడ విరగడ చేయడానికి చేసినారు. బ్రిటన్ వాళ్లూ 1971లో అట్లాంటిదే తెచ్చుకున్నారు. ఎర వేసేవాడి నుంచి చేపను కాపాడే చట్టాలవి. చీటీ మారిన పక్కింటాయన మిక్సీని మనకు రాసిచ్చేవి కావు. అయినా అమెరికాలో ఉన్న మంచి అలవాట్లలో లైనులో నిలబడటం, హారను కొట్టకపోవడం కూడా ఉన్నాయి. వాటిని దిగుమతి చేసుకోమని ఏ పిల్లోడూ వాట్సాప్ పెట్టడు.

పండితుల దారిలో కడదాకా నడిచిన మహానుభావుడు బీహార్‌లో ఉన్నాడు. ఖగడియా జిల్లాలో ఒక గ్రామీణ బ్యాంకు పొరపాటున ఆయన ఖాతాలో ఐదున్నర లక్షలు వేసింది. నోటీసులిచ్చినా ఆయన తిరిగివ్వలేదు. ప్రధాని ఇస్తానన్న 15 లక్షల్లో మొదటి వాయిదా అనుకుని ఖర్చు పెట్టేశానన్నాడు. 2021 సెప్టెంబర్‌లో పోలీసులు తీసుకుపోయారు. రెండో వాయిదా రాలేదు. మరుసటి ఏడు మే నెలలో చెన్నై టి.నగర్ హెచ్‌డీఎఫ్‌సీ శాఖ వంద మంది ఖాతాల్లో తలా 13 కోట్లు చూపించింది. ఇంటికొచ్చిన ఆ లక్ష్మిని ఎవరూ పట్టుకోలేకపోయారు. బ్యాంకు ముందు ఖాతాలకు తాళం వేసి, ఆ తర్వాత సంజాయిషీ చెప్పింది. కోట్లు తప్పిపోతే క్షణంలో వెనక్కి లాక్కునే యంత్రాంగం ఉంది. రెండు వేల చీర తప్పిపోతే మన మనస్సాక్షి తప్ప వేరే యంత్రాంగం లేదు. అందుకే మన వీరత్వమంతా చీరల దగ్గరే.

విచిత్రమేమంటే ఇదే మనిషి వీధి చివర కిరాణా అంగట్లో నూరు రూపాయలు ఎక్కువ చిల్లర వస్తే వెనక్కి తిరిగి పోయి, "ఏం మామా, లెక్క తప్పినావు" అని ఇచ్చి వస్తాడు. రేపు ఆ మామ ముఖం చూడాలి గదా. ప్రొద్దుటూరులో ఆచారి చేతికి ఒక చీటీ ముక్క మీద బంగారం ఇచ్చి వస్తారు, ఇంటికొచ్చి నిద్రపోతారు. నగలు చేసే చోట సాయంత్రం చిమ్మిన మన్నుకు కూడా వెల ఉంది, దానికీ ఒక యజమాని ఉన్నాడు. ఇంత నమ్మకం మీద నడిచే ఊరు, ముఖం కనబడని అంగడి ఎదురుపడేసరికి నమ్మకాన్ని చెప్పులతో పాటు గడప బయట వదిలేస్తుంది.

ఆ ముఖం కనబడని అంగడి యాడుందో ఎప్పుడైనా చూసినారా? డబ్బా మీద సన్న అక్షరాల్లో పంపినవాడి చిరునామా ఉంటుంది. ప్రొద్దుటూరులోనే ఒక చీరల అంగడాయనను ఊహించుకోండి. పొద్దున టీ అంగడి బెంచీ మీద సిద్ధాంతం చెప్పి, సాయంత్రం ఫోన్ ముందర చీరలు పరిచి లైవ్ పెడతాడు. ఒకనాటి రాత్రి నిద్రమత్తులో గుంటూరు ఆమెకు ఒక చీరకు బదులు రెండు కట్టి పంపినాడు. ఫోన్ చేస్తే ఆమె "మేం అడగలేదండి, మీరే పంపారు. తప్పు మీది" అంటుంది, మర్యాదగా, అండీ చేర్చి. ఆ క్షణంలో ఆయనకు ధర్మం గుర్తొస్తుంది, కలికాలం గుర్తొస్తుంది, గుంటూరోళ్ల బుద్ధి మీద కొత్త పరిశోధన గుర్తొస్తుంది. నష్టం మాత్రం తన మీద ఉంచుకోడు. జమ్మలమడుగు పక్క పల్లె నుంచి మగ్గం మీది చీరలు తెచ్చే నేతన్న మరుసటి వారం వస్తే, "ఈ తూరి అమ్మకం సరిగా లేదబ్బీ" అని రెండు వందలు పట్టుకుని ఇస్తాడు. దానికి ఆయన పెట్టే పేరు మీరే ఊహించండి. తరుగు!

కాబట్టి పని తేలికే. ఎక్కువ సరుకు వచ్చిందా, ఫోటో తీసి, వచ్చిందని ఆ అంగడికి రాతపూర్వకంగా చెప్పండి. వాళ్లు మనిషిని పంపి తీసుకుపోయేదాకా విప్పకుండా, వాడకుండా పక్కన పెట్టండి. కొరియర్ ఖర్చు మీరెందుకు పెట్టుకుంటారు, పొరపాటు వాళ్లది కాబట్టి ఖర్చూ వాళ్లదేనని గట్టిగా చెప్పండి. మీ సరుకు తప్పు వచ్చినప్పుడు ఇదే పట్టుదల రెండింతలు చూపించండి. వర్ణించినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోం అనడానికి వీల్లేదని 2020 ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే 1915కు ఫోన్ చేయండి. సూట్ మీద కోపముంటే మాత్రం దాన్ని అట్టపెట్టెల మీద తీర్చుకోకండి. ఈసారి చీనీ కోతలప్పుడు నలుగురు రైతులు కలిసి కాటా కాడ నిలబడి, "ఆ నూరు కిలోలు ఎందుకన్నా?" అని అడగండి.