పోయినోళ్లకు అట్మాస్

మా హిందూపురంలో ఎవరైనా పోయారని తెలియడానికి ఫోను అక్కర్లేదు. ఘంటసాల చెప్తాడు. తెల్లారకముందే వీధి చివర మైకులో భగవద్గీత మొదలైందంటే, ఇక గడప దాటి "ఎవురప్పా?" అని అడగడమే మిగులుతుంది. ఆ గీతను రికార్డు చేసి ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. రికార్డు ఆయన పోయాకే బజారుకొచ్చింది. అప్పటినుంచి ఊళ్లో ఎవరు పోయినా ఆ గొంతు అందరికంటే ముందొచ్చి కూర్చుంటోంది. చుట్టాలు ఆలస్యం చేస్తారు. ఆయన చేయడు.

అదీ సరౌండ్ సౌండే. షామియానాకు నాలుగు మూలలా నాలుగు గొట్టం మైకులు. మధ్యలో శవం. ఇంతకంటే చుట్టుముట్టే శబ్దం ఏ హాలీవుడ్ వాడు కనిపెట్టాడు?

వాళ్లు కనిపెట్టింది వేరే ఉంది. చచ్చినవాడి గొంతును ఎన్నిసార్లు అమ్మొచ్చో కనిపెట్టారు. ఫ్రాంక్ జప్పా అని అమెరికాలో ఓ రాక్ సంగీతకారుడు. మహా మొండిఘటం. పాటల క్యాసెట్ల మీద హెచ్చరిక చీటీలు అంటిస్తామని పెద్దమనుషులు బయల్దేరితే, 1985లో సెనేట్ కమిటీ ముందు కూర్చుని కడిగేశాడు. ఏం వాయించినా టేపు చేశాడు. ఇంటికిందే టేపుల కొట్టు. నాలుగు స్పీకర్ల కోసం 1970లలోనే కొన్ని పాటలు తానే మిక్స్ చేసి దాచుకున్నాడు. 1993లో, 52 ఏళ్లకే పోయాడు. దాచిన ఆ నాలుగు స్పీకర్ల పాటల్ని 2004లో కొడుకు డ్వీజిల్ 'క్వాడియోఫీలియాక్' అని డిస్కుగా తెచ్చాడు. ఇప్పుడు పాత ఆల్బంలు డాల్బీ అట్మాస్‌లో కొత్త అట్టపెట్టెల్లో వస్తున్నాయి. బతికినన్నాళ్లూ అరవైకి పైగా ఆల్బంలు తెచ్చిన మనిషి, పోయాక మరో అరవైకి పైనే తెచ్చాడు. చచ్చినా డ్యూటీ దిగలేదు పాపం.

ఆ ఇంటి కథ కూడా మన గట్టు తగాదాల లాంటిదే. 2015లో తల్లి పోయింది. నలుగురు పిల్లలకు వాటాలు సమానంగా రాయలేదు. నాయన పేరు పెట్టుకుని నాయన పాటలు వాయించడానికి కొడుకుకే అడ్డు తగిలింది. 2019లో నాయన్ని హోలోగ్రామ్ చేసి స్టేజీ ఎక్కించారు. 2022లో యూనివర్సల్ మ్యూజిక్ వచ్చి మొత్తం కొనేసింది. గట్టు తగవు తీరింది. పొలం షావుకారుది అయింది.

నవ్వండి. కానీ వాళ్ల దగ్గర అమ్ముకోవడానికైనా టేపులున్నాయి. మన దగ్గర ఏముంది?

తెలుగు మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద', 1932. ప్రింటు లేదు. తెలుగువాడు తెర మీద మొదటిసారి ఏ గొంతుతో మాట్లాడాడో తెలుగువాడికే వినే యోగం లేదు. ఒక ఆఫీసుకు వెళ్లి పాత హరికథ టేపు ఒకటుండాలే అని అడిగాను. "ఆ టేపు మీద తర్వాత వేరేది రికార్డు చేశాం సార్" అన్నారు. ఏమిటది? ఓ మంత్రిగారి ప్రారంభోపన్యాసం. పోనీ అదైనా ఉందా? అదీ చెరిపారట. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ ఆఫీసుకు చేతులెత్తి మొక్కాను.

ఉన్నవాటికి జరిగే మర్యాద చూడండి. 1957 నాటి 'మాయాబజార్'కు 2010 జనవరి 30న రంగులేసి, మోనో శబ్దాన్ని డీటీఎస్ చేసి విడుదల చేశారు. అప్పటికి కె.వి.రెడ్డి లేరు. పింగళి లేరు. మార్కస్ బార్‌ట్లీ లేరు. ఎస్వీఆర్, సావిత్రి, ఘంటసాల, లీల, ఎన్టీఆర్ ఎవరూ లేరు. "ఏమయ్యా, ఇదేం రంగు, ఇదేం మోత?" అని అడగడానికి వీళ్లలో ఒక్కరూ లేరు. పునర్విడుదలకు ఇంతకంటే మంచి ముహూర్తం ఉంటుందా? బాగానే ఉందనుకోండి. నేనూ ఈలేశాను. ఆ కృష్ణుడికి 1985, 1989, 1994లో మూడుసార్లు ఓట్లు గుద్దిన ఊరు మాది. మాకాపాటి హక్కు లేదా?

కానీ మోనో అంటే ఏమిటి? అన్నం, పప్పు, నెయ్యి, ఆవకాయ కలిపేసిన ముద్ద. గాయకుడు, వీణ, తబలా అన్నీ ఒకే దారం మీద ఉంటాయి. యాభై ఏళ్ల తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని "ఆగండి, ముద్దలోంచి నెయ్యి వేరు తీసి ఎడమ స్పీకర్లో పోస్తా" అంటారు. తీస్తారు కూడా, ఒకటీ అరా శ్రద్ధగా. మిగతావాటికి ఏదో మరచెంబులో పాడినట్టు కాస్త ప్రతిధ్వని తగిలిస్తే 'రీమాస్టర్డ్' అయిపోతుంది. జప్పా పాటలు నాలుగు స్పీకర్లకు సహజంగా ఎందుకు అమిరాయి? ఏ వాద్యానికి ఆ ట్రాక్ విడిగా రికార్డు చేసి, ఆ అసలు టేపును పారేయకుండా దాచుకున్నాడు కాబట్టి. కిటుకంతా దాచుకోవడంలో ఉంది. అదే మనకు చేతకానిది.

ఇక గాయకుడు ఎస్పీ బాలు సంగతి. 2017 మార్చిలో ఆయన అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా నుంచి లీగల్ నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా నా పాటలు పాడొద్దని. స్వరకర్తకు చట్టం హక్కు ఇచ్చింది, కాదనను. 2020 సెప్టెంబరు 25న బాలు వెళ్లిపోయారు. 2023లో 'కీడా కోలా' సినిమా వచ్చింది. అందులో ఏఐతో బాలు గొంతు పుట్టించారని, తమను ఒక్క మాటా అడగలేదని కుటుంబం నోటీసు పంపింది. బతికుండగా పాడినందుకు నోటీసు. పోయాక పాడించినందుకు నోటీసు. మధ్యలో మనిషి పాడుకునేది ఎప్పుడప్పా?

2024లో 'లాల్ సలామ్' కోసం రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులు ఇలాగే తెచ్చాడు. కుటుంబాలను అడిగాను, డబ్బిచ్చాను అన్నాడు. అడగడం అంత కష్టమా? ఇల్లు తెలియదా? ఫోను కలవదా? దహన సంస్కారాల రోజు ట్వీటు పెట్టడానికి క్షణం పట్టనివాళ్లకు, గొంతు వాడుకునే రోజు ఆ ఇంటి గడప గుర్తుకు రాదేం?

ఆ బాలు సమర్పణలో 1991లో వచ్చిన సినిమా 'ఆదిత్య 369'. 2025 ఏప్రిల్ 4న 4కె బొమ్మతో, 5.1 శబ్దంతో మళ్లీ దిగింది. హీరో మా ఎమ్మెల్యే. ఇంకేం చెప్పాలి? వెళ్లాను. కాగితాలు చల్లాను. ఫోన్లో వీడియోలు తీశాను. ఒకటా రెండా? తెర మీద అందరూ టైం మెషీన్ ఎక్కి రాయల కాలానికి పోతారు. ఆ రాయల వేసవి విడిది పెనుకొండకు మా ఊరి నుంచి బస్సెక్కితే చాలు, టైం మెషీన్ అక్కర్లేదు. ఎవడు ఎక్కుతాడు?

పెనుకొండ అంటే ఇప్పుడు కియా. ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ. 2019లో అక్కణ్నుంచి సెల్టోస్ కారు బయటికొచ్చింది. పైరకం కారులో బోస్ కంపెనీ స్పీకర్లు ఎనిమిది. పాటను బట్టి రంగులు మార్చే దీపాలు అదనం. అంటే మా సీమ సరౌండ్ సౌండును తయారుచేసి ప్రపంచానికి ఎగుమతి చేస్తోందన్నమాట. గర్వపడదాం. అయిదుగురు కూర్చునే డబ్బాకు ఎనిమిది స్పీకర్లు.

అదే జిల్లా, ధర్మవరం మండలం, నిమ్మలకుంట. తోలుబొమ్మలాట ఊరు. మేకతోలు గీకి, ఎండబెట్టి, రంగులేసి, చిల్లులు పొడిచి రాముణ్ని, రావణుణ్ని నిలబెట్టే ఊరు. ఇంట్లో మాట్లాడేది మరాఠీ యాస, తెర వెనక పాడేది రంగనాథ రామాయణం. హార్మోనియం, మృదంగం, తాళాలు. కాలికింద చెక్కలు. యుద్ధం రాగానే ఆ చెక్కల మీద ఎగిరి తొక్కితే నేల అదురుతుంది. ఇప్పుడు మీరు టికెట్టుకు వందలు పోసి సీటు కింద వెతుక్కునే అదురు అదే.

ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ట్యాగు ఇచ్చారు. సంతోషం. ట్యాగు తోలుకొచ్చింది. గొంతుకు రాలేదు. రాత్రంతా ఆడిన ఆట ఇప్పుడు దీపపు గొడుగైపోయింది. పెద్దలకు జ్ఞాపికగా ఇస్తారు. హాల్లో మూలన వెలుగుతూ ఉంటుంది హనుమంతుడు. నోరు లేదు. లంకకు నిప్పు పెట్టినవాడి కడుపులో తొమ్మిది వాట్ల బల్బు.

ఒక సభలో చూశాను. ఊరు చెప్పను. బొమ్మలాటకు పది నిమిషాలిచ్చారు. ఒకటే మైకు. సీతమ్మ అశోకవనంలో ఉండగా ముఖ్య అతిథి వచ్చాడు. మైకు పీకేసి ఆయనకిచ్చారు. ఆయన "అంతరించిపోతున్న కళలను కాపాడుకోవాలి" అని నలభై నిమిషాలు కాపాడాడు. సీతమ్మ ఇంకా అశోకవనంలోనే ఉంది.

ఆ తెర వెనక నవ్వించే బొమ్మలు కేతిగాడు, బంగారక్క ఊరుకుంటారా? నాకైతే వినబడింది.

"ఏమే బంగారక్కా, మన పాట అట్మాస్‌లో వస్తాదంటనే!"

"అట్లతద్దిలోనా?"

"అట్మాసే మొద్దూ! నాలుగు పక్కలా కాదు, నెత్తిమింద గూడా స్పీకర్లు పెడతారంట."

"నెత్తిమింద రేకులే ఎగిరిపోయి రెండేండ్లాయ. యాడ తగిలిస్తార్రా?"

"ఒగ షరతుందే. ముందు నువ్వు సావల్ల."

"సచ్చేకి నాకు పాణం యాడుందిరా? తోలు. అదీ ట్యాగు ఏసుకోని పాయిరి."

తోలుబొమ్మల సంగతి ఇదీ, ఇక రాతిబొమ్మలు చూడండి. లేపాక్షి నాట్యమండపంలో స్తంభాల మీద దేవతల బృందం ఉంది. బ్రహ్మ మద్దెల, తుంబురుడి వీణ. అయిదొందల ఏళ్లుగా కచేరీ. అది కట్టించిన విరూపణ్ణ ఖజానా సొమ్ము ఖర్చుపెట్టాడని అచ్యుతరాయలకు కోపం వస్తే, తన కళ్లు తానే పీక్కున్నాడని కథ. కల్యాణమండపం సగంలో ఆగిపోయింది. ఇప్పుడూ ఖజానా సొమ్ము ఖర్చవుతోంది. మండపాలు సగంలోనే ఆగుతున్నాయి. కళ్లు మాత్రం ఎవడివీ పోలేదు. చూసే మనకే మసకేస్తోంది. ఉత్సవం పెడితే లైట్లు, ఎల్‌ఈడీ తెరలు, గుండె ఆగిపోయేంత పెద్ద బాక్సులు. ఆ బాక్సుల ఒక్క రోజు అద్దెతో ఒక ముసలాయన రాత్రంతా పాడేది మంచి మైకులతో రికార్డు చేసి పెట్టొచ్చు కదా? రాముడికో ట్రాక్, చెక్కల మోతకో ట్రాక్, విడివిడిగా? యాభై ఏళ్ల తర్వాత ముద్దలోంచి నెయ్యి తీసే పని ఎవడికీ ఉండదు కదా? అడిగితే "ప్రతిపాదన పంపండి" అంటారు. పంపినవి ఏ నేలమాళిగలో ఉన్నాయో. బహుశా అవి కూడా మరణానంతరమే విడుదలవుతాయి.

సరే, ప్రభుత్వాన్ని తిట్టి ఇంటికొచ్చి పడుకుంటే తీట తీరుతుందా? మొన్నామధ్య నేనే నిమ్మలకుంటకు వెళ్లాను. పెద్దాయన అరుగు మీద కూర్చున్నాడు. ఆట వద్దు తాతా, ఒక్క యుద్ధపు పాట పాడు, రికార్డు చేసుకుంటా అన్నాను. ఆయన లోపలికి వెళ్లి చెక్కలు తెచ్చుకుని కాలికింద సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇది ఎప్పుడు బయటికొస్తాది నాయనా? నేనుండంగానా, పోయినాకనా?"

నేను నవ్వి ఫోను ఎత్తి ఎర్ర బటన్ నొక్కాను. స్టోరేజీ నిండిపోయింది అని వచ్చింది. తెరిచి చూస్తే అన్నీ థియేటర్ వీడియోలే. కాగితాలు, ఈలలు, చీకట్లో ఊగే తెర. ఏది తీసేయాలో తేల్చుకోలేక వేలితో కిందికీ పైకీ జరుపుతూ కూర్చున్నాను. పెద్దాయన కాలెత్తి, చెక్క మీద వేయకుండా అట్లే పట్టుకుని చూస్తున్నాడు.